సడ్డకుడి చావీకి బొట్టు

కామాటిపురాలో నర్సింహులు అంటే, ఏ నర్సింహులని అడుగుతారు. చావీ నర్సింహులు అనండి, చేయి పట్టుకుని ఫోరస్ రోడ్డు మూల దాకా తీసుకుపోయి చూపిస్తారు. అక్కడ ఇరానీ హోటల్ గోడకు ఆనించి ఒక చెక్క పెట్టె, పెట్టె మీద చావీలు బిగించే ఇనుప వైసు, పక్కన చిన్నవీ పెద్దవీ ఆకురాళ్లు. నెత్తి మీద ఒక కడియానికి గుత్తులు గుత్తులుగా ఖాలీ చావీలు వేలాడుతుంటాయి. ఖాలీ చావీ అంటే ఇంకా పళ్లు కోయని తాళంచెవి అన్నమాట. గాలి వీచినప్పుడల్లా అవన్నీ గలగలమంటాయి. ఆ గలగల కింద మనవాడు కాళ్లు మడుచుకుని కూర్చుని, చేతిలో చావీని వెలుతురుకు ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి చూస్తుంటాడు. పెళ్లిచూపుల్లో పిల్లను కూడా అంత శ్రద్ధగా చూసి ఉండడు. కావాలంటే అతని పెళ్లాం రాజవ్వను అడగండి, ఆవిడ ఆ మాట పదిమందిలో చెబుతుంది.

పనిమంతుడే, అందులో అనుమానం లేదు. బీరువా అయినా, టాక్సీ అయినా, ఎవరో పోగొట్టుకున్న ట్రంకుపెట్టె అయినా, ఆకురాయితో అటు నాలుగు గీతలు, ఇటు నాలుగు గీతలు గీసి, ఉఫ్ఫని ఊది చేతికిచ్చేవాడు. తిప్పితే వెన్నలో వేలు తిరిగినట్టు తిరిగేది.

అయితే అతని గర్వమంతా ఆ పెట్టె దగ్గర లేదు. దసరా దగ్గర ఉంది.

అతని తండ్రి చంద్రయ్య పాలమూరు జిల్లా నుంచి ఇటుకలు మోయడానికి వచ్చి మేస్త్రీ అయినవాడు. దసరా నాడు వాళ్లుండే వరస గదుల చాళ్ వాకిట్లో పోచమ్మ గూడు ముందు గోనెపట్టా పరిచి, అందరి పనిముట్లూ ఒకచోట పెట్టించి పూజ చేసే పద్ధతి ఆయనే మొదలుపెట్టాడు. తాపీలు, రంపాలు, దర్జీల కత్తెరలు, వర్లి బట్టల మిల్లులో పనిచేసేవాళ్ల నాడెలు, హోటల్లో వండేవాళ్ల గరిటెలు, టాక్సీల చావీలు, అన్నీ ఒకే పట్టా మీద. వాటన్నిటికీ పసుపు కుంకుమ పెట్టే చేయి మాత్రం ఒక్కటే ఉండాలి. ఎవడి పనిముట్టుకు వాడు పెట్టుకుంటే ఎవడి దేవత వాడిదైపోతుందని చంద్రయ్య అనేవాడు. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. పెట్టిన పసుపు తనంతట తాను రాలిపోవాలి తప్ప పండుగ నాడు చేత్తో తుడవకూడదు. చంద్రయ్య పోయాక ఆ పసుపు కుంకుమల పళ్లెం నర్సింహులు చేతికి వచ్చింది. ఆ ఒక్క పూట అతను కామాటిపురాకి రాజు. కొత్త తెల్ల అంగీ, నుదుట ఇంత బొట్టు, పెద్దపెద్ద మేస్త్రీలు కూడా "ఓ నర్సింహులూ, మా తాపీని మరువకు" అని అడిగి పెట్టించుకోవాల్సిందే.

ఇలా హాయిగా సాగుతుండగా సడ్డకుడు దిగాడు.

శివరాం అంటే రాజవ్వ చెల్లెలు ఎల్లమ్మ మొగుడు. అక్కాచెల్లెళ్ల మొగుళ్లు కాబట్టి ఇద్దరూ సడ్డకులు. అదే చాళ్‌లో, గోడ పక్క గోడ. కువైట్ వెళ్లి కార్ల గ్యారేజీలో కొన్నేళ్లు పనిచేసి, ఎనభై ఏడులో ఇంటికి వచ్చాడు. వస్తే వచ్చాడు, సెంటు సీసాలూ దుప్పట్లూ తెచ్చుకుని ఊరుకోవచ్చు కదా! కరెంటుతో చావీలు కోసే మిషన్ తెచ్చాడు. తెచ్చినవాడు ఏ ధారావిలోనో పెట్టుకోవచ్చు కదా! సరిగ్గా నర్సింహులు పెట్టెకు ఎదురుగా, రోడ్డుకు అవతల, మూతపడిన పాన్ దుకాణంలో పెట్టాడు. పాత చావీ ఒకవైపు బిగించి, ఖాలీది ఇంకోవైపు బిగించి, మీట నొక్కితే గుర్ర్‌ర్‌మని ఒక కూత. అంతే, చావీ తయారు.

ఆ గుర్ర్ వినపడినప్పుడల్లా నర్సింహులు పళ్లు కూడా గుర్ర్‌మనేవి.

"గది చావీనా? గోకుడు! చావీకి ప్రాణం పోయాలంటె చేయి తగలాలె" అని ఇరానీ హోటల్లో ఛాయ్ తాగేవాళ్లకు చెప్పేవాడు. వాళ్లు అవునవునని తల ఊపి, ఛాయ్ అయిపోగానే రోడ్డు దాటి శివరాం దగ్గర చావీ కోయించుకునేవాళ్లు.

ఇక లాభం లేదని నర్సింహులు ఎదుటి దుకాణం కంట పడకుండా తన పీటను గోడవైపు తిప్పుకున్నాడు. మర్నాడే ఆ గోడకు ఒక అద్దం తగిలించాడు. తల దువ్వుకోవడానికి అన్నాడు. తల మీద ఉన్న నాలుగు వెంట్రుకలకు అంత అద్దం దేనికో పెట్టినవాడికే తెలియాలి. అద్దంలో మాత్రం శివరాం దుకాణం బోర్డుతో సహా కనిపించేది. ఇటు చావీ రుద్దుతూ అటు అద్దంలో ఎవరొచ్చారు, ఎవరు పోయారు, ఎవరు నవ్వుతూ పోయారు అని చూసుకుని చూసుకుని కుళ్లిపోయేవాడు.

పోనీ, ఆ శివరాం కాస్త పొగరుబోతైనా బాగుండేది. తిట్టుకోవడానికి వీలుగా ఉండేది. అలాంటిదేమీ లేదు. పొద్దున దుకాణం తీసేముందు రోడ్డు దాటి వచ్చి, "అన్నా, ఛాయ్ తాగినవా? తమ్ముడు ఉండంగ ఒక్కనివే తాగుడేంది?" అనేవాడు. ఆ మంచితనం చూస్తే నర్సింహులుకు ఇంకా మండేది.

రాజవ్వకు ఇదంతా తెలియదా? ఒకరోజు అన్నం పెడుతూ అంది.

"ఏమయ్యా, ఈ నెల పొయ్యిలకు గ్యాసునూనె తేకు."

"ఎందుకే?"

"నీ కడుపుమంట మీదనే రొట్టెలు కాల్త. ఊకె పోనియ్యుడెందుకు?"

ఇలా ఒక ఏడాది కాలింది. అప్పుడొచ్చింది అమెరికా కారు.

కారు శంకర్రావుది. అతని తండ్రీ చంద్రయ్యా కలిసి ఇటుకలు మోసినవాళ్లే. శంకర్రావు మాత్రం బిల్డింగుల కాంట్రాక్టరై దాదర్‌లో ఫ్లాటు కట్టుకున్నాడు. అయినా చాళ్ కమిటీకి అధ్యక్షుడు అతనే, పండుగలకు ఇక్కడికి రావాల్సిందే. ఎవరో విదేశీ కంపెనీ దొర దేశం విడిచిపోతూ అమ్మితే ఆ కారు కొన్నాడు. పడవంత పొడుగు, స్టీరింగు ఎడమవైపు. అంత కారుకూ చావీ మాత్రం ఒక్కటే ఇచ్చిపోయాడు దొర.

పాత బంధం కాబట్టి శంకర్రావు నేరుగా నర్సింహులు పెట్టె దగ్గరే ఆపాడు. ఆపేసరికి సగం గల్లీ చుట్టూ చేరింది.

"నర్సింహులూ, దీనికి జోడు చావీ కావాలె. ఉన్నది ఒక్కటే. గిది ఎక్కడన్న పడిపోయిందనుకో, నా కారు గణపతి లెక్క రోడ్డు మీదనే కూసుంటది."

నర్సింహులు ముందుగా అద్దంలో చూసుకున్నాడు. ఎదుటి దుకాణంలో శివరాం చేయి ఆపి ఇటే చూస్తున్నాడు. ఆహా! ఆ చూపు కోసమే కదా ఏడాదిగా ఎదురుచూసింది.

"కూసోండ్రి సేట్, ఛాయ్ తాగుండ్రి. మీ ఛాయ్ అయ్యేలోపల చావీ మీ చేతుల పెడ్త" అన్నాడు, రోడ్డు అవతలికి వినపడేలా.

చావీని వెలుతురుకు ఎత్తి చూశాడు. మామూలు చావీయే. కాకపోతే తల కింద, మెడ దగ్గర, నల్లటి బిళ్ల ఒకటి పొదిగి ఉంది. అమెరికావాళ్ల షోకు అనుకున్నాడు. మనవాళ్లు ముక్కుపుడక పెట్టుకోరా, అలాంటిదే. ఒక లావుపాటి ఖాలీ చావీ తీసి, అరగదీసి, పళ్లు కోసి, ఊది, కళ్లకద్దుకుని ఇచ్చాడు. శంకర్రావు కారెక్కి చావీ పెట్టి తిప్పాడు. వెన్నలో వేలు తిరిగినట్టే తిరిగింది.

తిరిగింది కానీ ఇంజను పలకలేదు. కారు ముందు అద్దం కింద ఎర్ర దీపం ఒకటి వెలిగింది.

"బ్యాటరీ డౌన్ సేట్" అన్నాడు నర్సింహులు.

శంకర్రావు అసలు చావీ పెట్టి తిప్పాడు. అదీ పలకలేదు. మళ్లీ తిప్పాడు. ఊహూఁ.

"అరే! ఇప్పుడే గదరా దీనితోనే నడుపుకుంట వచ్చిన! ఏం జేసినవ్ నా కారును?"

జనం నవ్వు మొదలైంది. నర్సింహులు చెవులు ఎర్రబడ్డాయి. సరిగ్గా అప్పుడు రోడ్డు దాటి వచ్చాడు సడ్డకుడు.

"సేట్, ఒక్క పని చేయుండ్రి. కొంచెంసేపు దేన్నీ ముట్టకుండ్రి. కారు అలిగింది. దాని అలక తీరనియ్యుండ్రి."

"కారు అలుగుతదా? నీ పెండ్లామా ఏంది?" అన్నారెవరో గుంపులోంచి.

"ఎల్లమ్మ అలిగితే దసరా దాక తీరది. గిది నయం" అన్నాడు శివరాం. అందరూ నవ్వారు, శంకర్రావుతో సహా. నర్సింహులు నవ్వలేదు.

కాసేపాగి అసలు చావీ పెట్టి తిప్పితే, ఏమీ ఎరగనట్టు ఇంజను గుయ్‌మంది. అప్పుడు శివరాం నల్ల బిళ్లను వేలితో చూపిస్తూ నర్సింహులుకే చెప్పాడు, అందరూ వింటుండగా.

"అన్నా, నీ కోత తప్పు కాదు. కోత అసల్ ఉన్నది. గీ బిళ్లల చిప్పు ఉంటది. చావీ లోపటికి పోంగనే రెండు సన్న ముల్లులు రెండు దిక్కులకెల్లి ఈ బిళ్లను ముట్టుకుంటయి. దీంట్లకెల్లి కరెంటు ఎంత పోతున్నదో కారు జూస్తది. దానికి నేర్పిన లెక్క, బిళ్లల ఉన్న లెక్క ఒక్కటైతెనే చాలూ అయితది. లేకుంటె దొంగొచ్చిండని కొంచెంసేపు అసలు చావీకి గూడ మూతి ముడుస్తది. కువైట్‌ల ఇసొంటియి మస్త్ జూసిన."

శివరాం మీటరు తెచ్చి బిళ్లకు రెండు తీగలు ఆనించి లెక్క చూసుకున్నాడు. అదే లెక్క గల బిళ్ల ఉన్న ఖాలీ చావీని కువైట్ నుంచి వచ్చే దోస్తు చేత తెప్పించాడు. అది వచ్చిన రోజున రోడ్డు దాటి వచ్చి నర్సింహులు ముందు పెట్టాడు.

"అన్నా, లెక్క నేను కుదిర్చిన. పళ్లు నువ్వే కోయి. నీ చేతి కోత నా మిషన్‌కు రాదు."

అద్దంలో చూస్తూ చావీ రుద్దుతున్న నర్సింహులు తల తిప్పలేదు.

"మిషన్ ఉన్నది గదా నీకు. గోకుకో పో."

అంత మాట అనకుండా ఉండాల్సింది. అయినా ఇక వెనక్కి తీసుకుంటాడా? శివరాం చావీ తీసుకుని రోడ్డు దాటాడు. రోడ్డు అవతల గుర్ర్‌ర్. జోడు చావీ మొదటి తిప్పుకే కారును లేపింది. శంకర్రావు శివరాంను వాటేసుకున్నాడు. అద్దంలో అదీ కనిపించింది.

దాంతో అయిపోతే కథేముంది? ఆ ఆదివారం కమిటీ కూర్చున్నప్పుడు శంకర్రావు ఒక మాట లేవదీశాడు. జమానా మారింది, పనిముట్లు మారినయి, ఈ దసరాకు బొట్టు పెట్టే పళ్లెం శివరాం చేతికి ఇద్దామన్నాడు. చాళ్‌లో అందరికంటే పెద్దవాడైన పెద్దయ్య గడ్డం గోక్కుని గోక్కుని తీర్పు చెప్పాడు.

"గీ దసరా నర్సింహులే పెడ్తడు. పైయేడు సంది శివరాం. కొత్త పనిముట్లకు కొత్త చేయి."

శివరాం "నాకెందుకు తాతా, అన్న ఉన్నడు గదా" అన్నాడు. అది కూడా నర్సింహులు కళ్లల్లో కారం పోసినట్టే ఉంది. వద్దనేవాడికి వచ్చి పడుతుంది, కావాలనేవాడి చేతిలోంచి పోతుంది! తండ్రి పెట్టిన పళ్లెం, మిషన్‌వాడి చేతిలోకి! ఇంటికి వచ్చి అన్నం ముట్టలేదు. రాజవ్వ ఆ పూట రొట్టెల మాట ఎత్తలేదు.

దసరా వచ్చింది. వాకిట్లో గోనెపట్టా పరిచారు. నర్సింహులు తలంటుకుని, కొత్త తెల్ల అంగీ తొడుక్కుని, నువ్వులనూనెలో చిక్కగా కలిపిన పసుపు గిన్నె, కుంకుమ భరిణె పళ్లెంలో పెట్టుకుని దిగాడు. ఇదే ఆఖరుసారి అనుకుంటే ప్రతి పనిముట్టూ సొంత బిడ్డలా కనిపించింది. మేస్త్రీల తాపీలకు మూడు వేళ్లతో పసుపు, నడుమ నిండుగా కుంకుమ. కత్తెరలకు అలాగే. గరిటెలకు అలాగే. చివరికి పట్టా అంచున ఆ చావీ వచ్చింది. శంకర్రావు జోడు చావీ. అసలుది కొడుకు జేబులో పూనా పోయింది కాబట్టి ఆ రోజు కారును నడిపేది ఇదే.

నర్సింహులు చేయి దానంతట అదే చిన్నబోయింది. చిటికెన వేలి కొనతో, చీమ తలంత పసుపు ముట్టించి ముందుకు జరగబోయాడు.

ఎల్లమ్మ అక్కడే నడుము మీద చేయి పెట్టుకుని నిలబడి ఉంది. మొదటి తాపీ నుంచీ ఆవిడ కాపలా కాస్తున్నది దీనికే.

"ఏం బావా, మా చావీ కాడికొచ్చెవరకు పసుపు ఒడిసిందా?"

"ఒడిసింది పసుపు కాదే ఎల్లమ్మా, మీ బావ మనసు" అన్నది మల్లవ్వ. మూడో గదిలో ఉంటుంది, నోరు మాత్రం చాళ్ అంతటా ఉంటుంది.

ఆడవాళ్లంతా గొల్లుమన్నారు. శంకర్రావు ఇటు తిరిగి చూశాడు. పెద్దయ్య కూడా చూశాడు. నర్సింహులు అందరి మొహాలూ చూశాడు. ఏమనుకుంటారు? ఓర్వలేక అమ్మవారి పసుపు దగ్గర కూడా పిసినారితనం చేశాడనుకోరూ?

"ఎవడన్నడు? నాకు ఎవని మీద ఏడుపు లేదు! జూడుండ్రి!" అని చావీని చేతిలోకి తీసుకుని, నాలుగు వేళ్లూ గిన్నెలో ముంచి, తల నుంచి పళ్ల దాకా, ఇటూ అటూ, వెన్నుకూ మెడకూ, ఎక్కడా ఇనుము కనిపించకుండా పసుపు పూసి, దాని మీద రెండు వైపులా రూపాయి బిళ్లంత కుంకుమ అద్దాడు. "సాలునా? ఇంక పెట్టాల్నా?"

"సాలు బావా, పెండ్లికూతురు లెక్కనే ఉన్నది" అన్నది ఎల్లమ్మ, చల్లబడి.

పూజ అయింది. కొబ్బరికాయలు కొట్టారు. ఎండకు పసుపు గట్టిగా పేరుకుంది. తరువాత కార్యక్రమం వర్లి వెళ్లడం. అక్కడి మనవాళ్లకు జమ్మి ఆకు ఇచ్చి రావాలి. ఈసారి అమెరికా కారులోనే అని శంకర్రావు ముందే చాటాడు. పూలదండలు వేసుకున్న కారు గల్లీకి అడ్డంగా నిలబడి ఉంది. నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు. వెనక సీట్లో పెద్దయ్య, కమిటీవాళ్లు, ఒళ్లో జమ్మి కొమ్మలు. డప్పులు మోగుతున్నాయి. శంకర్రావు పోచమ్మకు దండం పెట్టి, చావీ దూర్చి తిప్పాడు.

ఎర్ర దీపం వెలిగింది. అంతే. నిమ్మకాయలు చెక్కు చెదరలేదు.

మళ్లీ తిప్పాడు. డప్పులవాళ్లు కొడుతూ కొడుతూ ఆగిపోయారు. "శివరాం!" అని కేక వేశాడు శంకర్రావు. శివరాం పరుగెత్తుకుంటూ వచ్చి, కాసేపు ఆగి, తిప్పి చూశాడు. పలకలేదు. ఇంకాసేపు ఆగి తిప్పాడు. పలకలేదు. చావీ బయటికి తీసి దాని మెడవైపు చూశాడు. ఏదో తోచినట్టు మొహం వెలిగింది.

"సేట్, దీన్ని జెర తుడవాలె" అని జేబురుమాలు తీశాడు.

"ఏందీ?"

ఆ గొంతు నర్సింహులుది. తనకే తెలియకుండా ముందుకు వచ్చేశాడు.

"అమ్మోరి పసుపు తుడుస్తవా? పండుగ పూట? మా నాయిన పెట్టిన కట్టుబాటు నీకు ఎర్కలేదా?"

"అయ్యయ్యో, తప్పు తప్పు!" అన్నారు ఆడవాళ్లు. మల్లవ్వ ఊరుకుంటుందా? "కువైట్ పోయినంక పోచమ్మ యాదికి లేదా బిడ్డా?" అంది. ఎల్లమ్మ కూడా భయపడి, "వద్దయ్యా, ముట్టకు" అని మొగుడి చేయి పట్టుకుంది.

శివరాం నర్సింహులువైపు ఒకసారి చూసి, జేబురుమాలు మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. చావీని శంకర్రావు చేతికి ఇచ్చేసి పక్కకు జరిగాడు.

శంకర్రావు మొహం కందగడ్డలా ఉంది. "ఖాలీ పీలీ నా ఇజ్జత్ తీసినవ్ కదరా! డూప్లికేట్ అంటె డూప్లికేటే!" అన్నాడు. వెనక సీట్లోంచి పెద్దయ్య తల బయటపెట్టి, "పైయేటి మాట ఇడిసిపెట్టుండ్రి. పళ్లెం నర్సింహులు చేతులనే ఉంటది. ఆ చేయే మంచిగున్నది" అన్నాడు.

చెప్పొద్దూ, ఆ మాటతో నర్సింహులు కడుపులో ఏడాదిన్నరగా మండుతున్నది చల్లగా ఆరిపోయింది. చల్లని మజ్జిగ తాగినట్టుంది. తలొంచుకుని గోడవారగా నిలబడిన శివరాంను ఈసారి అద్దం అక్కర్లేకుండా నేరుగా చూశాడు. తనివితీరా చూశాడు.

వెనక టాక్సీలు ఆగిపోయి హారన్లు మోగిస్తున్నాయి. "అరే నర్సింహులూ, నువ్వన్న జూడు. రోడ్డు మీదికెల్లి తీయాలె గదా" అని శంకర్రావు చావీ అతని చేతిలో పెట్టాడు.

నర్సింహులు అలవాటుగా దాన్ని వెలుతురుకు ఎత్తాడు, ఒక కన్ను మూశాడు. మెడ దగ్గర నల్ల బిళ్ల కనిపించలేదు. దాని చోట పసుపు పెచ్చు, పెచ్చు మీద కుంకుమ పెచ్చు. రెండు దిక్కులకెల్లి రెండు సన్న ముల్లులు వచ్చి బిళ్లను ముట్టుకుంటయి. శివరాం మాట చెవిలో చెప్పినట్టు వినపడింది. ముట్టుకోవడానికి బిళ్ల ఎక్కడుంది? ముల్లులకు తగిలేది నర్సింహులు పసుపే!

తన నాలుగు వేళ్లూ ఆ చావీ మీద ముద్రలు వేసుకుని కూర్చున్నట్టే ఉన్నాయి. ఇప్పుడేం చెప్పాలి? సడ్డకుడి చావీ మంచిదే, చెడగొట్టింది నా పసుపు అని చెబితే, వచ్చిన పళ్లెం వచ్చినట్టే పోతుంది. పైగా ఎందుకంత పూశావురా అని అడిగితే? ఊరుకుంటే పళ్లెం ఉంటుంది. కానీ ఈ కారు కదలదు, నువ్వూ అంతేనా అంటారు.

మూడో దారి ఒకటి కనిపించింది. సిగ్గుమాలిన దారే. కాళ్లు దాని మీదికే పోయాయి.

"అందరు దూరం జరుగుండ్రి. కారు అలిగింది. దాని అలక తీరనియ్యుండ్రి" అన్నాడు గంభీరంగా. ఎవరి మాటలు ఎవరు అంటున్నారో అక్కడ శివరాం ఒక్కడికే పట్టింది. శంకర్రావు దిగాడు. నర్సింహులు స్టీరింగు ముందు కూర్చుని, తలుపు వేసుకుని, కళ్లు మూసుకుని పెదవులు కదిలించాడు. పోచమ్మను తలుచుకుంటున్నాడని బయట ఆడవాళ్లు చేతులు జోడించారు. లోపల అతని చేతులు కొత్త అంగీ అంచు కింద, దాని లోపలివైపు గుడ్డతోనే, చావీ మెడను రుద్దుతున్నాయి, ఆకురాయి పట్టినట్టే పట్టి, ఇటు నాలుగు, అటు నాలుగు.

తిప్పాడు. గుయ్‌మంది కారు.

దిగి స్టీరింగు శంకర్రావుకు ఇచ్చాడు. నిమ్మకాయలు ఫట్ ఫట్‌మని పగిలాయి. డప్పులు అదిరాయి. "చేతి మహిమరా!" అన్నారు. అతన్ని భుజాల మీదికి ఎత్తారు కూడా. అంత ఎత్తు నుంచి చూస్తే గోడవారగా శివరాం కనిపించాడు. శివరాం కళ్లు మాత్రం అతని మొహం మీద లేవు. అంగీ అంచు మీద ఉన్నాయి.

ఆ సాయంత్రం అందరూ ఒకరికొకరు జమ్మి ఆకు ఇచ్చుకుంటున్నారు. శివరాం వచ్చి, ఆకు నర్సింహులు చేతిలో పెట్టి, కాళ్లకు మొక్కి, వాటేసుకుని, చెవిలో మెల్లగా అన్నాడు.

"అన్నా, అంగీకి మరక అయింది. తుడవకు. అమ్మోరి పసుపు."

అంతే. నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

మర్నాడు నల్లా దగ్గర బట్టలు ఉతుకుతూ రాజవ్వ పిలిచింది.

"ఏమయ్యా, పసుపు పెట్టేటోని అంగీకి బయటికెల్లి అంటుతది. నీకు లోపటికెల్లి అంటిందేంది?"

నర్సింహులు పరుగెత్తుకొచ్చి అంగీ లాక్కుని తనే ఉతకడం మొదలుపెట్టాడు. పెళ్లయినప్పటి నుంచి చేతిరుమాలు ఉతకనివాడు! సబ్బు తగలగానే పసుపు మరక ఎర్రగా మారింది. రుద్దినకొద్దీ ఇంకా ఎర్రబడింది. రాజవ్వ చేతులు కట్టుకుని చూసింది.

గోడ అవతలి నుంచి ఎల్లమ్మ గొంతు వినిపిస్తూనే ఉంది. "ఏం కువైటో, ఏం చిప్పో! నడి గల్లీల పరువు తీసినవ్. బావకున్న చేయి నీకు లేదని ఒప్పుకోరాదా?" ఇప్పుడు చెబుతాడు, ఇదిగో ఇప్పుడు చెబుతాడు అని నర్సింహులు సబ్బు పట్టుకుని చెవి ఒగ్గి కూర్చున్నాడు. శివరాం, "సర్లేవే, ఛాయ్ పొయ్యి" అన్నాడు.

ఆ రోజే కాదు, ఆ నెల కాదు, ఎప్పుడూ చెప్పలేదు. పొద్దున రోడ్డు దాటి రావడం, "అన్నా, ఛాయ్ తాగినవా?" అనడం మానలేదు.

ఇక చూడండి నర్సింహులు అవస్థ. మిషన్ మీద కుళ్లుకున్నప్పుడు కనీసం దాన్ని గోకుడు అని తిట్టుకోవడానికి వీలుండేది. ఇప్పుడు వచ్చినది వేరే కుళ్లు. అంత మాట కడుపులో ఎట్లా పెట్టుకున్నాడు వీడు? అదే తనైతే? కామాటిపురా పద్నాలుగు గల్లీల్లో, ధారావిలో, వర్లిలో డప్పు కొట్టించి చెప్పేవాడు. వీడి దగ్గర మిషన్ ఉంది, మీటరు ఉంది, పైగా ఇంత మనసు కూడా ఉందా! అన్నీ వీడికేనా? మిషన్ అయితే ఎప్పటికైనా కొనుక్కోవచ్చు. ఇది ఎక్కడ దొరుకుతుంది? అద్దంలో శివరాంను చూడబోతే తన మొహమే అడ్డం వచ్చేది. ఒకరోజు విసుగొచ్చి అద్దం తీసేసి, పీటను మళ్లీ రోడ్డువైపు తిప్పుకున్నాడు.

ఏడాది తిరిగింది. దసరా వచ్చింది. గోనెపట్టా, పనిముట్లు, శంకర్రావు చావీ, అన్నీ మామూలే. నర్సింహులు పళ్లెం పట్టుకుని దిగాడు. పోచమ్మకు దండం పెట్టాడు. తిన్నగా పోయి పళ్లెం శివరాం చేతుల్లో పెట్టాడు.

"ఏందన్నా గిది?"

"నా చేయి గుంజుతున్నది. నువ్వు పెట్టు."

"మొన్ననే ఇనుప బీరువా పగులగొట్టినవ్, చేయి గుంజుడేంది?" అన్నది మల్లవ్వ.

పెద్దయ్య ఏదో అనబోయాడు. నర్సింహులు వినిపించుకోలేదు. "నిరుడే నువ్వన్నవ్ గదా తాతా, కొత్త చేయి అని. నీ మాటనే" అని పక్కకు జరిగి నిలబడ్డాడు. శివరాం అతని మొహంలోకి చూసి, పళ్లెం కళ్లకద్దుకుని వంగాడు. తాపీలు, కత్తెరలు, గరిటెలు అయ్యాయి. అమెరికా చావీ దగ్గరికి వచ్చేసరికి, వెనకనుంచి గొంతు తగ్గించి ఒక మాట వినపడింది.

"మెడ మీద వద్దు. తల మీద పెట్టు."

శివరాం భుజాలు కదిలాయి. నవ్వు ఆపుకుంటున్నాడు. చావీ తల మీద ఒక్క బొట్టు పెట్టాడు.

"ఎందుకట్ల?" అని అడిగాడు పెద్దయ్య.

"చావీలకు గట్లనే పెట్టాలె. మెడ మీద పెట్టొద్దు" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

అప్పటి నుంచి ఆ చాళ్‌లో ట్రంకుపెట్టె చావీకైనా సరే, తల మీదే బొట్టు. అదీ చంద్రయ్య పెట్టిన కట్టుబాటే అనుకుంటారు అందరూ.

కారు నిమ్మకాయలు తొక్కుకుంటూ వర్లికి వెళ్లిపోయాక నర్సింహులు ఇంటికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. రాజవ్వ మంచినీళ్లు ఇచ్చింది. గుటకేసి, ఇక ఉండబట్టలేక అన్నాడు.

"అంత జేసినంక కూడ, రంపం మీద బొట్టు జెర వంకర పెట్టిండు. జూసినవా?"

రాజవ్వ చెంబు అందుకుంది.

"పిండి కలుపుకొస్త ఉండు. రెండు రొట్టెలకు సరిపోయే మంట ఇంక మిగిలే ఉన్నట్టున్నది."